వెనక బారు

ఫిబ్రవరి 4

స్ప్రింగు దొరగారికి,

నేను చెప్తున్నాను, మీ అక్క రాస్తోంది. నాకు అంకెలు తప్ప అక్షరాలు రావని నీకు తెలుసు. అది తలుచుకుని నువ్వు నవ్వుకుంటావని నాకూ తెలుసు. నవ్వుకో. మీ నాన్న తన కారు తాళాలు మాత్రం అక్షరాలు రాని ఈ చేతికే ఇచ్చిపోయాడు, చదువుకుని స్ప్రింగుల ఫ్యాక్టరీలో మగ్గుతున్న నీ చేతికి కాదు.

సంగతేమిటంటే, ముసల్ది, అదే మన కారు, ఒరుగుతోంది. కొండదారి మలుపుల్లో మరీ దారుణం. వెనక కూర్చున్నవాళ్ళు ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళు పడుతున్నారు. మొన్న నోటరీ గారి భార్య నా సీటు వెనకాల కక్కేసి, దిగుతూ దిగుతూ "ఇది కారా, పడవా?" అంది. అప్పట్నించి ట్యాక్సీ స్టాండులో కొత్త కార్లవాళ్ళు నన్ను చూడగానే పడవొచ్చింది లేవండర్రా అంటున్నారు. బేరాలన్నీ వాళ్ళకే పోతున్నాయి. ఇలాగే ఉంటే వానాకాలం వచ్చేలోపు దాన్ని తుక్కుకి అమ్ముకోవాలి.

కారు అడుగున స్వేబార్లని కడ్డీలుంటాయట, లావువి వేస్తే ఒరగదని ఎదురింటి ఫొటోగ్రాఫరు చెప్పాడు. మీ ఫ్యాక్టరీలో అలాంటివి వంచుతారట కదా. వంచి పంపు. ఇక్కడ మన షెడ్డులో నేనే బిగించుకుంటాను. మీ నాన్న ఉన్నప్పుడూ ఈ కారు మీద బయటివాడి పానా పడలేదు, ఇప్పుడూ పడదు.

పని చేసిందా, నువ్వు ఈ ఇంటికి రావచ్చు. ఒక రోజంతా మీ నాన్న స్టీరింగు నీ చేతిలో పెడతాను, గేటు గుద్దినా నోరెత్తను. పని చెయ్యలేదా, ఈ గడప తొక్కకు. శవం ఇంట్లో ఉండగానే తాళాల కోసం నువ్వు చేసిన గొడవ నేనింకా మర్చిపోలేదు.

నీ బావ

తమ్ముడూ, ఇక్కణ్ణించి నా మాట. ఇంకా ఏం రాస్తున్నావని అడిగితే చిరునామా అన్నాను. ఆయన తిట్టినదాంట్లో సగమే కాగితం మీద పెట్టాను. శవం మాట వద్దని బతిమాలాను, వినలేదు. కోపం తెచ్చుకోకు. కారు వంకతోనైనా నువ్వు మళ్ళీ ఈ గుమ్మంలోకి వస్తే నాకంతే చాలు. ఆయన సంగతి నీకు కొత్తా? నువ్వు తూర్పంటే ఆయన పడమర. నీ ఉత్తరాలు చదివి వినిపించేది నేనేగా. ఎలా చదవాలో నాకు వదిలెయ్యి.

అక్క


ఫిబ్రవరి 12

సారథి గారి సముఖానికి,

ఉత్తరం అందింది. తిట్లు తీసేస్తే రెండు వాక్యాలు మిగిలాయి. వాటికే జవాబు.

స్వేబారంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు బావా. ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలుపుతూ అడుగున అడ్డంగా ఉండే కడ్డీ. కారు ఒకవైపు ఒరగబోతే అది మెలిపడి, రెండో వైపు చక్రాన్ని కూడా లాగి, ఒరగనివ్వదు. మన కారుకి ముందు వేలెడు లావున ఒకటుంది, వెనక అసలు లేదు. ముందుకి లావుది, వెనకకి కొత్తది, రెండూ చేస్తాను.

నాకు కొలతలు కావాలి. కారు నాలుగు చక్రాల మీద నేల మీద నిలబడి ఉండగా కొలువు. జాకీ మీద లేపావంటే చక్రాలు వేలాడి కొలత మొత్తం తప్పిపోతుంది. రేపు బిగించేటప్పుడూ అంతే. చివరి బిగింపు బరువంతా చక్రాల మీద ఉన్నప్పుడే, లేకపోతే కడ్డీని పట్టి ఉంచే రబ్బరు బుష్షులు మెలిపడి నెలలో చిరిగిపోతాయి.

ఇక్కడ నా గదికి కిటికీ ఉంది గానీ అది పక్కవాడి గోడకి తెరుచుకుంటుంది. మా ఫోర్‌మన్ కళ్ళు తెరుచుకునే నిద్రపోతాడు. అందుకే నీ కడ్డీలు భోజనాల వేళ వంచుకోవచ్చు.

ఒక రోజు స్టీరింగు ఇస్తానన్నావు. నాన్న నన్ను కాదని నీకిచ్చాడన్న మంట నాలో ఇంకా ఆరలేదు, దాచుకోను. ఆ ఒక్క రోజు కోసం ఎన్నిసార్లు చెయ్యి కాల్చుకోమన్నా కాల్చుకుంటాను.

నీ బావమరిది

అక్కా, ఈ ముక్క పైకి చదవకు. మన సారథి గారిని వెనక్కి తోసి ముందుకి నడిపించే విద్య నీకొక్కదానికే వచ్చు. కానియ్యి.


ఫిబ్రవరి 21

స్ప్రింగుగారూ,

కొలతలు వెనక పేజీలో ఉన్నాయి. అంకెలు నేనే వేశాను, చూసుకో, నీకన్నా గుండ్రంగా ఉంటాయి. నువ్వేదో జాకీ మీద కొలవమని రాశావట. ఇరవై ఏళ్ళుగా ఈ కారు కింద పడుకుని లేస్తున్నవాడికి జాకీ పాఠాలా? వేలాడే చక్రానికి కొలతేమిటోయ్? నేల మీదే ఉంచి కొలిచాను. నీ చదువు అంతవరకే ఉందని ఫొటోగ్రాఫరు ముందు నవ్వాను, అతనూ నవ్వాడు.

షెడ్డు రేకులు కారుతున్నాయి. కుక్కొకటి కారు కిందకి చేరి నా బదులు అది పడుకుంటోంది. దానికి నీ పేరే పెట్టాను, పిలిస్తే పలకదు.

తొందరగా పంపు.

నీ బావ

తమ్ముడూ, చూశావా? నువ్వు నేల మీద అన్నావు, నేను జాకీ మీద అని చదివాను. ఆయన ఎగిరిపడి నేల మీదే కొలిచారు. పెళ్ళయిన దగ్గర్నించీ నా సంసారం ఇలాగే నడుస్తోంది. డాక్టరు మందు వేసుకోమంటే, మానెయ్యమన్నాడని చెప్తాను. వేసుకుంటారు. నువ్వు నవ్వుకో గానీ ఎవరికీ చెప్పకు. ఆయనకి తెలిస్తే నన్ను బతకనివ్వరు.

అక్క


మార్చి 11

బావకి,

నా చదువు అంతవరకే, ఒప్పుకున్నాను. నీ అంకెలు గుండ్రంగానే ఉన్నాయి.

వెనక బారు రైలు పార్సిలులో వేశాను. క్లాంపులు, బుష్షులు, బోల్టులు అన్నీ గోనెసంచిలో కట్టాను. ముందు బారు మాత్రం ఇంకా కాలేదు. కొలిమిలోంచి తీసి నూనెలో ముంచగానే నిలువునా బీట వేసింది. మళ్ళీ మొదట్నించీ చెయ్యాలి.

అందుకని ఇది జాగ్రత్తగా విను. ముందుది వచ్చేదాకా వెనకది బిగించకు. వెనక బారు ఒక్కటే వేశావంటే కారు ఒరగదు, నిజమే, చాలా బాగుందనిపిస్తుంది. కానీ మలుపులో వెనక చక్రాలు పట్టు వదిలేసి తోక బయటికి విసురుతుంది. రోడ్డు తడిగా ఉంటే నువ్వు కాదు కదా, నాన్న దిగి వచ్చినా ఆపలేడు. రెండూ కలిపి ఒకే రోజు బిగించు, లేకపోతే రెండూ వద్దు. ఇందులో వేళాకోళం లేదు.

కుక్కకి నా పేరు పెట్టినందుకు సంతోషం. కనీసం అదైనా ఆ ఇంట్లో ఉంది.

నీ బావమరిది


మార్చి 20

బావమరిదికి,

కడ్డీ చేరింది. విప్పి చూశాను. బోల్టు కన్నాలు చాసీస్ కన్నాలకి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చున్నాయి. వంపులు చెయ్యి తిరిగినవాడు వంచినట్టున్నాయి. ఇంతకన్నా పొగిడితే నీ కళ్ళు నెత్తికెక్కుతాయి, ఇక్కడితో ఆపుతున్నాను.

షెడ్డులో మేకుకి తగిలించాను. వచ్చేపోయేవాళ్ళంతా అదేమిటని అడుగుతున్నారు. మా బావమరిది చేశాడని చెప్తున్నాను, ఏం చేస్తాం.

నీ బావ

తమ్ముడూ, మా బావమరిది అని ఆయన నోట రావడం ఇన్నేళ్ళలో ఇదే మొదలు. వంటింట్లో నిలబడి ఏడ్చాను. నీ హెచ్చరిక గురించి బెంగపడకు. "ముందుది అక్కర్లేదు, వెనకది ఒక్కటే చాలు, వెంటనే బిగించు" అని రాశావని చదివాను. నేననుకున్నట్టే "వీడి తొందర తగలెయ్య, రెండోది రానీ" అని దాన్ని తీసుకెళ్ళి మేకుకి తగిలించారు. రోజూ పొద్దున స్కూలుకి వెళ్ళేటప్పుడు చూస్తున్నాను, మేకు మీదే ఉంది. స్కూల్లో నా గుమాస్తా బల్ల ముందు కూర్చున్నంతసేపూ అదే ఆలోచన. రెండో బారు తీసుకుని నువ్వే రా.

అక్క


మార్చి 28

బావా,

నీ ఉత్తరం ఫోర్‌మన్‌కి చదివి వినిపించాను, నిద్రలోంచి లేచి మరీ విన్నాడు. వెంట్రుకవాసి తేడా లేదు అన్న మాట రెండుసార్లు చదివించుకున్నాడు. నాన్న ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నాతో ఆ మాట అని ఉంటే నేను ఈ ఊరు వచ్చేవాణ్ణే కాదు.

ముందు బారు ఈసారి బీట వెయ్యలేదు. రంగు ఆరుతోంది. వచ్చే నెల మొదట్లో నేనే భుజాన వేసుకుని వస్తాను. ఇద్దరం షెడ్డులో పడుకుని బిగిద్దాం, నువ్వు ఎడమవైపు, నేను కుడివైపు. పొరపాట్న నిన్ను పొగిడినా పొగుడుతాను.

నీ బావమరిది

అక్కా, నువ్వు మామూలు మనిషివి కాదు. చదువుకోనివాడితో కాపురం ఎలా చెయ్యాలో నిన్ను చూసి నేర్చుకోవాలి. చదివి భలే నవ్వాను.


ఏప్రిల్ 26

నీకు,

ఆసుపత్రి మెట్ల మీద నిన్ను మెడపట్టి గెంటినప్పుడు "నేనేం చేశాను బావా" అన్నావు. నలుగురూ చూస్తున్నారని నోరు మూసుకున్నాను. ఏం చేశావో ఇప్పుడు చెప్తాను, కూర్చుని విను. మీ అక్కతోనే రాయిస్తున్నాను. పడుకునే రాస్తోంది.

ఆ కడ్డీ మేకు మీద రోజూ నా కళ్ళ ముందు వేలాడింది. చూడగా చూడగా మనసు మెత్తబడింది. వీడి చేతికి వాళ్ళ నాన్న పనితనం వచ్చింది, ఊరికే ఏడిపిస్తున్నాను, జన్మకొక్కసారి వీడి మాట విందాం అనుకున్నాను. వెనకది ఒక్కటే చాలు, వెంటనే బిగించు అన్నావుగా. నువ్వు వచ్చేలోపే, ఒక రోజు మీ అక్క స్కూలుకి వెళ్ళగానే బిగించాను. చక్రాలు నేల మీదే ఉంచి, చివరి బోల్టు దాకా సరిగ్గా బిగించాను. ఆమె రాగానే ఏమీ చెప్పకుండా ముందు సీట్లో కూర్చోబెట్టి కొండదారికి తీసుకెళ్ళాను. తమ్ముడి పనితనం చూసి మురిసిపోతుందని నా ఆశ.

ముసల్ది ఒరగలేదు. మొదటి మలుపు, రెండో మలుపు, బల్ల మీద పెట్టినట్టు వెళ్ళింది. నాకు ఒళ్ళు పులకరించింది. చినుకులు పడుతున్నాయి. మూడో మలుపు ముందు చెప్పాను, నీ తమ్ముడు చెప్పినట్టే వెనకది ఒక్కటే బిగించాను, చూశావా ఎలా పోతోందో అని. ఆమె "ఆపండి, ఆపండి" అని అరిచింది. ఆ సంతోషంలో నాకు చెవికెక్కలేదు. అంతలో కారు వెనకభాగం మమ్మల్ని దాటి ముందుకొచ్చింది. నేనెన్ని చేసినా ఆగలేదు. ఆమె కూర్చున్న వైపే రాతిగోడకి కొట్టుకుంది.

నాకు మోచెయ్యి గీరుకుంది, అంతే. మీ అక్కకి నడుం కింద ఏమీ తెలియదు. సూది గుచ్చినా తెలియదు. ఇక తెలియదన్నాడు డాక్టరు.

కారు తిరగకముందే ఎందుకు అరిచిందో ఇప్పటికీ చెప్పదు. అడిగితే గోడవైపు తిరుగుతుంది. భయమేసి ఉంటుంది పాపం.

ఫొటోగ్రాఫరు తనకి తెలిసిన మెకానిక్కునెవరినో తీసుకొచ్చాడు. వెనకది ఒక్కటే వేస్తే కారు ఇలాగే తిరుగుతుంది, ఆ పనిలో ఉన్నవాడెవడికైనా తెలుస్తుంది అన్నాడు. నీకు తెలుసు. తెలిసే రాశావు. నేను చస్తే కారు నీదవుతుందనుకున్నావు. పక్కన మీ అక్క కూర్చుంటుందని మాత్రం అనుకుని ఉండవు.

నువ్వు నా చేతికి దొరికిన రోజు నిన్ను నరుకుతాను. ఇది నేనన్న మాట అన్నట్టే రాయమన్నాను, రాసింది.

బావ


మే 5

అక్కా,

నీ ఉత్తరం కింద ఈసారి నీ మాట ఒక్కటి కూడా లేదు. ఎంత వెతికినా లేదు. నీ గుండ్రటి అక్షరాలతో నన్ను హంతకుణ్ణి చేసి, మడిచి, బంక అంటించి పంపావు. ఆసుపత్రిలో నువ్వు గోడవైపు తిరిగితే నా మీద కోపం అనుకున్నాను. బస్సులో ఏడుస్తూ వచ్చాను. నాకు సిగ్గులేకపోతే సరి.

కింద ఉన్నదంతా బావకి చదువు. ఒక్క అక్షరం మార్చకు. మంచాన పడ్డ మనిషివి, నీ నోటితో నిన్ను నువ్వే పట్టివ్వమనడం అన్యాయమే. అయినా అడుగుతున్నాను. నీ కాళ్ళు పోయాయని నా బతుకు కూడా తీసుకుంటావా? నువ్వు నవ్వితే నేనూ నవ్వాను, ఆ పాపం నాది. దానికి నన్ను ఏమైనా అను, పడతాను. కానీ నిన్ను చంపబోయానన్న మాట నేను మొయ్యను.

బావా,

వెనకది ఒక్కటే బిగించకు అనే నేను రాశాను. తోక విసురుతుంది అని రాశాను. నాన్న దిగి వచ్చినా ఆపలేడు అని రాశాను. నువ్వు నా మాటకి ఎదురే చేస్తావని, నిన్ను కాపాడటానికి, అక్క దాన్ని తిరగేసి చదివింది. జాకీ సంగతీ అలాగే చదివింది. నీ మందుల సంగతీ అంతే. ఇన్నేళ్ళూ నువ్వు విన్న ప్రతి ఉత్తరం తిరగేసిందే. నువ్వు నన్ను నమ్మిన ఆ ఒక్క రోజున కూడా అది తిరగేసిన మాటే. అందుకే ఆపండి అని అరిచింది. ఇప్పుడు అర్థమైందా ఎందుకు అరిచిందో?

మార్చి 11న నేను రాసిన ఉత్తరం మీ ఇంట్లోనే ఉంది. చదవడం వచ్చినవాడెవడితోనైనా చదివించుకో. తర్వాత నరకాలనిపిస్తే నరుకు, వస్తాను.

నీ బావమరిది


మే 16

నీ ఉత్తరం విన్నాను.

చదువుతూ మీ అక్క రెండుసార్లు ఆగింది, మంచినీళ్ళు తాగించాను. తప్పంతా నాదే బావా, కారు మీద ఆశకొద్దీ అలా రాశాను, అక్క ఎక్కుతుందని అనుకోలేదు, క్షమించు అని రాశావు. కాళ్ళు పట్టుకుంటానన్నావు. ఆఖరికి అక్క ముఖం చూసైనా పోలీసులకి చెప్పొద్దన్నావు. చెప్పనులే. అది నీ కోసం కాదు, నువ్వు జైల్లో ఉంటే ఆమె ఏడుస్తుందని.

ఒక్కటి మాత్రం నిజం. నీ ఒప్పుకోలు విన్నాక ఇంతకాలానికి నాకు కాస్త కన్ను మూత పడింది. బోల్టు ఎక్కడైనా వదులుగా వదిలేశానేమో, ఆమెని ఈ మంచం మీద పడేసింది నా చేతులేనేమో అని లోపల తొలిచేస్తూ ఉండేది. ఇప్పుడు ఆ బాధ లేదు. అది నీ చేతుల పనే.

కారు తుక్కువాడు పట్టుకెళ్ళాడు. నీ వెనక బారు ఇంత జరిగినా వంగలేదు, దాన్ని ఉంచుకున్నాను. గేటు రెండు రెక్కలకీ కలిపి అడ్డగడియగా తగిలించాను. లోపల్నించి నేను తీస్తే తప్ప రాదు.

ఇక నీ ఉత్తరం వస్తే విప్పకుండా పొయ్యిలో పెట్టమని మీ అక్కకి చెప్పాను. ఈ ఇంట్లో నీ పేరు ఎత్తేవాళ్ళు లేరు. కుక్కని కూడా తోలేశాను.

బావ

తమ్ముడూ, ఆయన చెప్పినట్టే రాశాను.

నువ్వు చదవమన్నది చదువుదామనే నోరు తెరిచాను. మొదటిసారి ఆగింది అందుకే. అప్పుడు ఆయన గ్లాసు నా నోటికి అందించి, మూతి తుడిచి, తల కింద దిండు సర్దారు. పొద్దున నన్ను ఎత్తి కూర్చోబెట్టేది ఆ చేతులు. నా కిందవి తీసి కడిగేదీ అవే. సంగతి తెలిసిన మర్నాడు అవి నన్ను ముట్టుకుంటాయా? నువ్వు అక్కడ నీ కాళ్ళ మీద తిరుగుతున్నావు. అక్క లేకపోయినా నీకు జరిగిపోతుంది. ఆయన లేకపోతే నాకు ఒక్క పూట జరగదు. రెండోసారి ఆగాక నాకు తోచినట్టు చదివేశాను.

నువ్వు చెడ్డవాడివి కావు. ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, నేను చెప్పను.

మార్చిలో నువ్వు రాసిన ఆ ఉత్తరం ట్రంకుపెట్టె అడుగున ఉంటే నిన్న ఆయన చేతే తీయించాను. ఏం కాగితమని అడిగారు. స్కూలు వాళ్ళ పాత నోటీసు, పొయ్యి అంటించడానికి పనికొస్తుందన్నాను. ఆయనే అగ్గిపుల్ల గీశారు. నీళ్ళు కాగాక, ఆయనే నాకు స్నానం చేయించారు.

అక్క